గడువు దాటిన పుస్తకాలు, నాలుగు వాక్యాలు: ఒక మాక్రో డైరీ

1వ రోజు

పని చెప్పడానికి చిన్నదే. గ్రంథాలయం నుంచి బయటికి వెళ్లిన పుస్తకాల చిట్టా ఒక ఎక్సెల్ షీటులో ఉంది. మొత్తం 2,140 వరుసలు. ఒక్కో వరుసలో పుస్తకం పేరు, సభ్యుడి రకం (విద్యార్థి, ఉపాధ్యాయుడు, సాధారణ, శాశ్వత), ఇచ్చిన తేదీ, గడువు తేదీ, తిరిగి వచ్చిన తేదీ, వచ్చినట్టు టిక్కు, చివర ఒక గమనిక. గ్రంథపాలకురాలు నెలకోసారి కూర్చుని ఈ వరుసలన్నీ కళ్లతో గాలించి, ఎవరికి గుర్తు చేయాలో పెన్సిలుతో రాసుకుంటారు. ఆ గాలింపును ఎక్సెల్ లోపలే నడిచే ఒక చిన్న ప్రోగ్రాంకు, అంటే మాక్రోకు అప్పగించాలని నా ప్రయత్నం.

నియమాలు చెప్పమంటే ఆవిడ తడుముకోకుండా నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను.

"గడువు దాటిన విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ వెంటనే చెప్పాలండీ. విద్యార్థి గానీ ఉపాధ్యాయుడు గానీ కాకపోతే నెల వరకు ఆగాలి. శాశ్వత సభ్యులైతే మెసేజీ కాదు, ఉత్తరం పంపాలి. ఫోను చేసి పొడిగింపు అడిగినవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి."

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేముంది, సాయంత్రానికి అయిపోతుందనుకున్నాను.

ఒక మాట. అసలు కోడ్ అంతా ఇంగ్లీషులోనే ఉంది. ఇక్కడ మాత్రం దాన్ని పైకి చదివినట్టుగా తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. ఇఫ్, దెన్, అండ్, ఆర్, నాట్ అంటే వీబీఏలోని (ఎక్సెల్ మాక్రోలు రాసే భాషలోని) ఆ మాటలే.

తేదీల సంగతి తర్వాత చూద్దామని, ముందు సభ్యుడి రకం ఒక్కటే పరీక్షించాను. "విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ" అన్నారు కదా, ఆ రెండు "కూ"లను చూసి చెయ్యి దానంతటదే అండ్ అని కొట్టేసింది:

ఇఫ్ రకం = "విద్యార్థి" అండ్ రకం = "ఉపాధ్యాయుడు" దెన్

ఒక్క వరుస కూడా రాలేదు. రాదు మరి. ఆవిడ సభ్యులందరినీ కలిపి చెప్పారు. మాక్రో ఒక్కో వరుస దగ్గర ఆగి ఒక్కో మనిషి గురించి అడుగుతుంది. ఒకే మనిషి రకం గడిలో రెండు మాటలూ ఉండవు. గుంపు గురించి చెప్పేటప్పుడు "ఇద్దరికీ" అనేది ఒక్కరి దగ్గరికి వచ్చేసరికి "ఇతడైనా సరే, అతడైనా సరే" అవుతుంది. అంటే ఆర్.

ఆర్ పెట్టాను. అప్పుడూ సున్నాయే.

గళ్లలో మాట చివర ఖాళీ ఉందేమోనన్న అనుమానంతో సమాన గుర్తు తీసేసి, నమూనాతో పోల్చే లైక్ వాడి, తర్వాత ఏమున్నా సరేననే నక్షత్రం చివర పెట్టాను. ఈసారి విద్యార్థులూ ఉపాధ్యాయులూ సరిగ్గా వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. వడపోత పెట్టి లెక్క చూసుకున్నాను, సరిపోయింది. ఎడిటర్‌లో తెలుగు మాటల స్థానంలో ప్రశ్నార్థకాలు కనబడుతున్నాయి గానీ ఫాంటు లేక అలా ఉందిలే అనుకుని పడుకున్నాను.

2వ రోజు

ఫాంటు కాదు.

శాశ్వత సభ్యుల షరతును కూడా అదే పద్ధతిలో రాస్తే, షీటులో ఉన్న ప్రతి ఒక్కరూ శాశ్వత సభ్యులైపోయారు. అప్పుడు గానీ ఆ ప్రశ్నార్థకాల వంక సరిగ్గా చూడలేదు. వీబీఏ ఎడిటర్ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే పద్ధతి) అంతటా వ్యాపించక ముందుది. 1993లో ఎక్సెల్ 5తో వీబీఏ వచ్చింది, కోడ్ రాసుకునే ఆ కిటికీ ఇప్పటికీ పాత అక్షర పద్ధతిలోనే నడుస్తోంది. అందులో తెలుగు అతికిస్తే ఒక్కో సంకేతానికి ఒక్కో ప్రశ్నార్థకం మిగులుతుంది. అది కంటికి కనబడే తేడా మాత్రమే కాదు, అక్కడ నిజంగా ఉన్నవి ప్రశ్నార్థకాలే.

దాంతో సమాన గుర్తు ఎందుకు ఓడిపోయిందో తెలిసింది. మరి లైక్ ఎలా గెలిచింది? లైక్‌లో ప్రశ్నార్థకమంటే "ఏదో ఒక అక్షరం" అని అర్థం. విద్యార్థి అనే మాటను గుణింతాలు, పొల్లులతో సహా విడదీస్తే 10 సంకేతాలు. ఉపాధ్యాయుడు 11. సాధారణ, శాశ్వత ఆరేసి. కాబట్టి నేను రాసిన షరతుకు మాక్రో చెప్పుకున్న అర్థం ఇది: పది అక్షరాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న మాట ఏదైనా సరే. ఆ పట్టికలో అలాంటివి విద్యార్థి, ఉపాధ్యాయుడు మాత్రమే. శాశ్వతకు ఆరు ప్రశ్నార్థకాలు, నక్షత్రం, అందరూ పట్టేస్తారు. నిన్న లెక్క సరిపోయింది కేవలం ఆ మాటల పొడవు వల్ల! తప్పు లెక్క కంటే ఇలా కాకతాళీయంగా సరిపోయిన లెక్కే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

పరిష్కారం తేలికే. "అమరికలు" అని ఇంకో షీటు పెట్టి, అందులో తెలుగు మాటలన్నీ గళ్లలో రాశాను. మాక్రో మొదట్లోనే ఆ గళ్లను చదువుకుని పోలుస్తుంది. కోడ్‌లో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. చివరి ఖాళీలకు ట్రిమ్ ఉండనే ఉంది, లైక్‌కు సెలవు.

సాయంత్రం తేదీ కూడా కలిపాను:

ఇఫ్ గడువు < ఈరోజు అండ్ రకం = విద్యార్థి ఆర్ రకం = ఉపాధ్యాయుడు దెన్

ఉపాధ్యాయులందరికీ గుర్తు చేయమంది మాక్రో. నిన్న పుస్తకం తీసుకున్నవాళ్లకు కూడా. ఇది వీబీఏ వింత కాదు, ప్రపంచంలో చాలా భాషల్లో ఇంతే: కూడిక కంటే ముందు గుణకారం చేసినట్టు, ఆర్ కంటే ముందు అండ్‌ను లెక్క కడతారు. "గడువు దాటిన విద్యార్థి" ఒక ముక్క, "ఉపాధ్యాయుడు" ఇంకో ముక్క అయ్యాయి. గడువు షరతు ఉపాధ్యాయుడి దాకా రాలేదు. వీబీఏలో పూర్తి వరస ఇది: ముందు కూడికలు తీసివేతలు వంటి లెక్కలు, తర్వాత సమానం, పెద్ద, చిన్న వంటి పోలికలు, ఆ తర్వాత నాట్, అండ్, ఆర్, ఎక్సార్. ఈ వరసను నేను కంఠస్థం చేయదలచుకోలేదు. అండ్, ఆర్ ఒకే వాక్యంలో కలిసి కనబడితే బ్రాకెట్లు పెడతాను, అవసరం ఉన్నా లేకపోయినా:

ఇఫ్ గడువు < ఈరోజు అండ్ (రకం = విద్యార్థి ఆర్ రకం = ఉపాధ్యాయుడు) దెన్

ఇంకో సంగతి. "రకం = విద్యార్థి ఆర్ ఉపాధ్యాయుడు" అని పొదుపుగా రాస్తే కుదరదు. రెండో వైపు ఒట్టి మాట మిగిలి, దాన్ని సంఖ్యగా మార్చబోయి 13వ నంబరు లోపంతో ఆగిపోతుంది. ఆగిపోవడమే నయం. అదే రకాలకు 1, 2 అని సంఖ్యలు పెట్టుకుని "రకం = 1 ఆర్ 2" అని రాసి ఉంటే ఆగదు, ప్రతి వరుసకూ అవుననే అంటుంది.

3వ రోజు

తిరిగి వచ్చిన పుస్తకాలను వదిలేయడానికి "వచ్చిన తేదీ ఖాళీగా ఉంటేనే" అన్న షరతు కలిపాను. జాబితా 96 వరుసలకు తగ్గింది. ఎంత ఆలస్యమో పక్కనే రోజుల్లో వేయించాను. కొందరి ఎదురుగా 45 వేల చిల్లర రోజులు కనబడ్డాయి. నూటపాతికేళ్ల ఆలస్యం!

తరగతి గదుల్లో ఎప్పటికీ ఉంచుకోమని ఉపాధ్యాయుల పేరు మీద ఇచ్చిన నిఘంటువులవి. వాటికి గడువు లేదు, గడి ఖాళీ. ఖాళీ గడిని వీబీఏ ఎదుటివాణ్ని బట్టి వేషం మార్చి చూస్తుంది: సంఖ్యతో పోలిస్తే సున్నా, మాటతో పోలిస్తే ఖాళీ మాట. తేదీ కూడా లోపల సంఖ్యే. వీబీఏ పంచాంగంలో సున్నా అంటే 1899 డిసెంబరు 30. ఆ రోజు గడువున్న పుస్తకం ఇంకా రాలేదంటే ఆలస్యమే కదా అని దాని వాదన.

ఈజ్‌ఎంప్టీతో ముందు అడగాలి. "గడువు < ఈరోజు" అనే ఒక్క పోలికలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయని తేలింది: గడువంటూ ఉందా, ఉంటే అది దాటిందా. ఆవిడ చెప్పిన వాక్యంలో మొదటి ప్రశ్న లేదు. మనుషులకు అక్కర్లేదు కూడా.

4వ రోజు

ఈ రోజంతా ఒక్క "గానీ" తినేసింది.

"విద్యార్థి గానీ ఉపాధ్యాయుడు గానీ కాకపోతే నెల వరకు ఆగాలి." గానీ అంటే ఆర్ అన్నది ఎవరికైనా తట్టేదే. నేనలాగే రాశాను:

ఇఫ్ (రకం <> విద్యార్థి ఆర్ రకం <> ఉపాధ్యాయుడు) అండ్ ఆలస్యం <= 30 దెన్

దీని కింద "ఆగాలి" అని గుర్తు వేయించాను. ఫలితం: నెల దాటని ప్రతి వరుసకూ "ఆగాలి". విద్యార్థులు కూడా ఆగిపోయారు. పైన ఉన్న షరతు వాళ్లకు వేసిన "గుర్తు చేయాలి"ని ఇది తుడిచేసింది.

కాగితం మీద ఒక విద్యార్థిని నిలబెట్టి చూశాను. అతడు విద్యార్థి కాదా? అబద్ధం. ఉపాధ్యాయుడు కాదా? నిజం. మధ్యలో ఆర్ ఉంది కాబట్టి ఒక్కటి నిజమైతే చాలు. ఉపాధ్యాయుణ్ని నిలబెడితే మొదటిది నిజం. ఏ మనిషిని నిలబెట్టినా రెండింట్లో ఒకటైనా నిజమే అవుతుంది, ఎందుకంటే ఎవరూ ఒకేసారి రెండూ కారు. అంటే బ్రాకెట్లలో నేను రాసింది షరతే కాదు. ఎప్పుడూ "అవును" అనే అలంకారం.

తెలుగులో "కాకపోతే" వాక్యం చివర ఒక్కసారే వస్తుంది, ముందున్న రెండు గానీలనూ కలిపి పట్టుకుంటుంది. నేను దాన్ని చీల్చి చెరొక ముక్కకూ పంచాను గానీ, మధ్యనున్న ఆర్‌ను మార్చలేదు. ఆవిడ వాక్యానికి ముఖాముఖి రూపం ఇది:

నాట్ (రకం = విద్యార్థి ఆర్ రకం = ఉపాధ్యాయుడు)

పంచాలంటే ఆర్ కాస్తా అండ్ కావాలి: విద్యార్థి కాదు, పైగా ఉపాధ్యాయుడూ కాదు. దీన్నే తర్కంలో డి మోర్గాన్ నియమం అంటారు. ఆగస్టస్ డి మోర్గాన్ 1806లో మదురైలో పుట్టిన ఇంగ్లీషు గణితవేత్త. పసివాడిగా ఉండగానే ఇంగ్లండ్ వెళ్లిపోయాడు కాబట్టి ఆయనకు గానీ-గానీ వాక్యాల పరిచయం ఉండకపోవచ్చు. కానీ తెలుగువాళ్లం ఆ నియమాన్ని మాటల్లో రోజూ తప్పు లేకుండా వాడుతూనే ఉంటాం, రాసేటప్పుడే పొరబడతాం.

రెండు రూపాల్లో ఏది ఉంచాలి? నేను నాట్, బ్రాకెట్లు ఉన్నదాన్నే ఉంచాను, ఆవిడ వాక్యానికి అదే దగ్గర. రేపు మూడో రకం కలపమంటే బ్రాకెట్ల లోపల ఇంకో ఆర్ చేరుస్తాను, అంతే. అయితే ఆ బ్రాకెట్లు మాత్రం కదలకూడదు. తీసేస్తే నాట్ తన పక్కనున్న మొదటి పోలికను మాత్రమే పట్టుకుంటుంది, రెండోది దాని చేతిలోంచి జారిపోతుంది.

5వ రోజు

తక్కువ పని. వారం దాటి నెల లోపు ఉన్నవాళ్లను లేత పసుపు రంగులో చూపమన్నారు. పుస్తకంలో గణితం రాసినట్టు "7 < ఆలస్యం < 30" అని రాశాను. ప్రతి గడీ పసుపు రంగుకు తిరిగింది.

కంట్రోల్, జీ నొక్కి అడిగిన లెక్కకు అక్కడికక్కడే జవాబిచ్చే ఇమ్మీడియట్ విండో తెరిచి, ప్రశ్నార్థకం పెట్టి ముక్కలు ముక్కలుగా అడిగాను. 7 < 200 అంటే ట్రూ అంది. దాన్ని సంఖ్యగా మార్చి చూపమంటే -1 అంది. అదీ కథ: ఎడమ నుంచి మొదటి పోలిక చేసి, వచ్చిన -1 గానీ 0 గానీ తీసుకుని, అది 30 కంటే చిన్నదా అని అడుగుతోంది. చిన్నదే మరి. "7 < ఆలస్యం అండ్ ఆలస్యం < 30" అని ఆలస్యాన్ని రెండుసార్లు రాయక తప్పలేదు.

షీటు ఫార్ములాల్లో ట్రూను కూడితే 1. మాక్రోలో అదే ట్రూ -1. ఒకే ఇంట్లో రెండు మాటలు! దీన్ని పక్కన రాసి పెట్టుకున్నాను, ఎందుకో మళ్లీ పని పడేలా ఉంది.

6వ రోజు

పని పడింది.

నాలుగో వాక్యం: "ఫోను చేసి పొడిగింపు అడిగినవాళ్ల జోలికి వెళ్లకండి." గమనిక గడిలో "ఫోను", "పొడిగింపు" రెండు మాటలూ ఉండాలి. ఒట్టి "పొడిగింపు" అని ఉంటే చాలదట, దానికో పాత గొడవ ఉంది, ఆవిడ చెప్పారు గానీ ఇక్కడ అనవసరం. ఒక మాట ఇంకో మాటలో ఉందో లేదో చెప్పే పని ఇన్‌స్ట్రింగ్‌ది. దొరికితే ఎన్నో అక్షరం దగ్గర దొరికిందో చెబుతుంది, దొరకకపోతే సున్నా. ఇఫ్‌కు సున్నా అబద్ధం, మిగతా సంఖ్యలన్నీ నిజం. కాబట్టి:

ఇఫ్ ఇన్‌స్ట్రింగ్(గమనిక, ఫోను) అండ్ ఇన్‌స్ట్రింగ్(గమనిక, పొడిగింపు) దెన్

మూడు వరుసలు పరీక్షించాను. రెండింటికి సరిగ్గా చెప్పింది. మూడోది, "ఫోను చేశారు, పొడిగింపు అడిగారు" అని నిండు వాక్యంతో ఉన్నది, దానికి మాత్రం లేదంది. "ఫోను, పొడిగింపు" అని పొడిగా రాసినదానికి ఉందంది. మాటలు అవే. అమరికల షీటులోంచి వచ్చినవే. గంటసేపు కనబడని అక్షరాల కోసం వెతికాను. ఆ అనుమానం ఊరికే రాలేదు, తెలుగు టైపింగులో కంటికి ఆనని సంకేతాలు చేరడం మామూలే. ఇక్కడ అవేవీ లేవు.

ఇమ్మీడియట్ విండోలో రెండు ఇన్‌స్ట్రింగులనూ విడివిడిగా అడిగాను. 1, 14 అని వచ్చింది. రెండూ సున్నా కాదు, అంటే రెండూ నిజాలే. "? 1 అండ్ 14" అని అడిగాను. 0.

రెండు నిజాలను అండ్‌తో కలిపితే అబద్ధం!

వీబీఏలో అండ్, ఆర్, నాట్ నిజానికి తర్కం చేయవు. సంఖ్యల్లోని బిట్ల మీద, అంటే ఆ సంఖ్యను లోపల రాసుకునే 0, 1 అంకెల మీద పని చేస్తాయి. 1ని బిట్లలో రాస్తే 0001. 14ను రాస్తే 1110. అండ్ ఒక్కో స్థానంలో రెండు వైపులా 1 ఉందా అని చూస్తుంది. ఇక్కడ ఏ స్థానంలోనూ రెండు ఒకట్లు కలవలేదు, కాబట్టి 0000. అదే "ఫోను, పొడిగింపు"లో రెండో మాట ఏడో అక్షరం దగ్గర మొదలవుతుంది. 7 అంటే 0111, కుడి చివర 1 కలిసింది, ఫలితం 1, నిజం. అంటే పొడిగింపు దొరుకుతుందా లేదా అన్నది అది సరి స్థానంలో ఉందా బేసి స్థానంలో ఉందా అన్నదాని మీద ఆధారపడింది. గమనికలో ఒక కామా ఎక్కువైతే ఒకరికి మెసేజీ వెళుతుంది, తక్కువైతే వెళ్లదు.

నిన్నటి -1 ఇక్కడ అతికింది. ట్రూ అంటే -1, అంటే అన్ని బిట్లూ ఒకట్లు. ఫాల్స్ అంటే అన్నీ సున్నాలు. ఈ రెండింటి మధ్యే ఉన్నంతసేపు బిట్ల లెక్కా తర్కమూ ఒకే జవాబిస్తాయి, అందుకే ఇన్ని రోజులూ తేడా తెలియలేదు. మామూలు సంఖ్యలు చొరబడగానే రెండూ విడిపోతాయి.

నాట్ ఇంకా ఘోరం. పొడిగింపు లేనివాళ్ల కోసం "నాట్ ఇన్‌స్ట్రింగ్(...)" అని ఇంకోచోట రాసి ఉంచాను. దొరకకపోతే నాట్ 0, అంటే -1, నిజం, బాగానే ఉంది. 14వ అక్షరం దగ్గర దొరికితే నాట్ 14. అది -15. సున్నా కాదు, కాబట్టి అదీ నిజమే! ఉన్నా నిజం, లేకపోయినా నిజం. ఇలాంటి నాట్‌ను పెట్టడం కంటే మానేయడం మేలు.

మందు మాత్రం చిన్నదే. ప్రతి ఇన్‌స్ట్రింగ్ పక్కనా "> 0" అని పెట్టాలి. పోలిక పెట్టగానే చేతికి వచ్చేది ట్రూ గానీ ఫాల్స్ గానీ, వేరే సంఖ్య రాదు. ఇంకో అడుగు వేసి, వాటిని ట్రూ, ఫాల్స్ మాత్రమే పట్టే బూలియన్ వేరియబుల్స్‌లో పెట్టుకున్నాను:

ఫోనుఉంది = ఇన్‌స్ట్రింగ్(గమనిక, ఫోను) > 0
పొడిగింపుఉంది = ఇన్‌స్ట్రింగ్(గమనిక, పొడిగింపు) > 0
ఇఫ్ ఫోనుఉంది అండ్ పొడిగింపుఉంది దెన్

ఇప్పుడు మూడో వరుసను చదివితే ఆవిడ వాక్యంలాగే వినబడుతోంది. దీని తర్వాత పాత షరతులన్నింటికీ ఇలాగే పేర్లు పెట్టుకుంటూ పోయాను. గడువుదాటింది, నెలదాటింది, పాఠశాలవారు (అంటే విద్యార్థి గానీ ఉపాధ్యాయుడు గానీ). ఒక పేరును ఒకచోట తప్పుగా కొట్టాను. మాడ్యూల్ పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ ఉండబట్టి అక్కడే పట్టుకుంది. లేకపోతే ఆ తప్పు పేరుతో కొత్త ఖాళీ వేరియబుల్ పుట్టేది, ఖాళీ అంటే అబద్ధం, ఆ షరతు కిక్కురుమనకుండా చచ్చి పడి ఉండేది.

8వ రోజు

నిన్న ఏమీ రాయలేదు. ఈ నెల కొత్త వరుసలు 60 వచ్చాయి. వీటిలో గడువు తేదీ చేతితో రాసింది కాదు. రకాన్ని బట్టి ఎన్ని రోజులో పట్టికలో వెతికే వీలుకప్‌తో తెచ్చి, ఇచ్చిన తేదీకి కలిపే ఫార్ములా. మంచి మార్పే. అయితే రకం మాటను ఎవరో "విధ్యార్థి" అని కొట్టిన రెండు వరుసల్లో వీలుకప్‌కు ఏమీ దొరక్క #ఎన్/ఏ వచ్చింది. మాక్రో ఆ గడి దగ్గర 13వ నంబరు లోపంతో కూలబడింది. లోపం ఉన్న గడిని తేదీతో పోల్చబోతే అంతే.

సరే, ముందు అడిగి తర్వాత పోల్చుదామని:

ఇఫ్ నాట్ ఈజ్‌ఎర్రర్(గడువు) అండ్ గడువు < ఈరోజు దెన్

మళ్లీ అదే వరుస దగ్గర, అదే లోపం. ఎఫ్8 నొక్కుతూ ఒక్కో అడుగూ నడిపించాను. పసుపు గీత ఈ వాక్యం మీదికి వచ్చి, ఇక్కడే పడిపోతోంది.

మనం అయితే "తలుపు తీసి ఉందా, ఉంటే లోపలికి వెళ్లు" అన్నప్పుడు తలుపు మూసి ఉంటే లోపలికి అడుగు వేయం. వీబీఏ వేస్తుంది. అండ్‌కు ఎడమ వైపు అబద్ధమని తేలిపోయినా కుడి వైపు లెక్క కట్టి తీరుతుంది. చాలా భాషలు అక్కడితో ఆపేస్తాయి. వీబీఏ చుట్టమైన వీబీ డాట్‌నెట్‌కు 2002లో ఇందుకోసమే యాండ్‌ఆల్సో, ఆర్‌ఎల్స్ అని వేరే మాటలు ఇచ్చారు. వీబీఏకు అవి రాలేదు. అండ్ ఇక్కడ బిట్లను కలిపే పనిముట్టని మొన్న చూశాను కదా. కలపాలంటే రెండు సంఖ్యలూ చేతిలో ఉండాలి. అందుకని నాకు ఇది మరీ అన్యాయంగా అనిపించలేదు, చిరాకు మాత్రం వేసింది.

ఐఐఎఫ్‌తో తప్పించుకోవచ్చేమో అనుకున్నాను. అదీ అంతే, నిజమైతే ఇవ్వాల్సింది, అబద్ధమైతే ఇవ్వాల్సింది రెండూ ముందే లెక్క కట్టుకుంటుంది. షీటులోని ఇఫ్ ఫార్ములా అలా చేయదు, కావలసిన కొమ్మనే చూస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని నమ్మకూడదు.

ఇక మిగిలింది ఇఫ్‌లో ఇఫ్. లోపల ఖాళీ ప్రశ్న, దాని లోపల పోలిక. మూడు మెట్లు దిగేసరికి ఏ ఎండ్ ఇఫ్ ఎవరిదో తెలియడం లేదు. అందుకని సెలెక్ట్ కేస్ ట్రూకు మారాను. పై నుంచి ఒక్కో షరతునూ వరసగా చూస్తుంది, ఏది ముందు నిజమైతే అక్కడ ఆగుతుంది, కిందివాటిని ముట్టుకోదు. ఆగడం తెలిసిన పద్ధతి వీబీఏలో ఇదొకటి:

సెలెక్ట్ కేస్ ట్రూ
కేస్ ఈజ్‌ఎర్రర్(గడువు): ఫలితం = సరిచూడాలి
కేస్ ఈజ్‌ఎంప్టీ(గడువు): ఫలితం = వదిలేయాలి
కేస్ నాట్ ఈజ్‌ఎంప్టీ(వచ్చినతేదీ): ఫలితం = వదిలేయాలి
కేస్ గడువు >= ఈరోజు: ఫలితం = వదిలేయాలి
కేస్ ఫోనుఉంది అండ్ పొడిగింపుఉంది: ఫలితం = వదిలేయాలి
కేస్ పాఠశాలవారు: ఫలితం = మెసేజీ
కేస్ ఈరోజు - గడువు <= 30: ఫలితం = ఆగాలి
కేస్ రకం = శాశ్వత: ఫలితం = ఉత్తరం
కేస్ ఎల్స్: ఫలితం = మెసేజీ

కుడి వైపు ఫలితాలు కూడా అమరికల గళ్లలోంచి వచ్చేవే. లోపాలున్న గడిని తాకే షరతు ఏదీ మొదటి కేసుకు పైన లేకుండా చూసుకోవాలి. అందుకే గడువుదాటింది, నెలదాటింది అని లూప్ మొదట్లో కట్టుకున్న బూలియన్లను తీసేయవలసి వచ్చింది. గడువు లోపం అయితే అవి అక్కడే కూలేవి. ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు!

ఒక విశేషం గమనించాను. నాలుగో రోజంతా కుస్తీ పట్టిన "గానీ-గానీ కాకపోతే" ఈ రూపంలో ఎక్కడా లేదు. పాఠశాలవారు పై మెట్టులోనే దిగిపోతారు. కింద మిగిలినవాళ్లు ఎలాగూ వాళ్లు కారు. వరసే నాట్ పని చేస్తోంది. అయితే అందుకు బదులుగా వరస పవిత్రమైపోయింది. పొడిగింపు కేసును పాఠశాలవారి కిందికి జరిపితే ఫోను చేసిన విద్యార్థికి మెసేజీ పోతుంది, ఏ లోపమూ కనబడదు. ఆ మాట కోడ్‌లో వ్యాఖ్యగా రాసి పెట్టాను.

ఫైండ్ దగ్గర కూడా ఇదే జబ్బు ఉందని ఇప్పుడు వెలిగింది. అమరికల షీటులో ఒక మాటను వెతికి, "దొరికింది నథింగ్ (ఏమీ లేదు) కాకపోతే, పైగా దాని పక్క గడిలో ఫలానా ఉంటే" అని ఒకే అండ్‌లో రాశాను. ఇంతవరకు ప్రతిసారీ దొరికింది కాబట్టి సరిపోయింది. దొరకని రోజు 91వ నంబరు లోపం వస్తుంది. ఇఫ్‌లో ఇఫ్ పెట్టి విడదీశాను.

9వ రోజు

మాక్రో జాబితా, ఆవిడ పెన్సిలు జాబితా పక్కపక్కన పెట్టాం. మాక్రో 71 వరుసలకు గుర్తు చేయమంది, ఆవిడ 64 రాశారు. తేడా వచ్చిన ఏడూ చూస్తే, అన్నింటిలోనూ "వచ్చింది" టిక్కు ఉంది గానీ వచ్చిన తేదీ లేదు. ఆవిడ టిక్కు చూస్తారు, నేను తేదీ చూస్తున్నాను.

"ఏది నమ్మాలండీ?" అన్నాను.

"రెండూ ఉండాలి కదండీ," అన్నారు.

రెండూ ఉండాలి, లేదా రెండూ ఉండకూడదు. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే తప్పు. ఎక్సార్ ఉన్నదే దీనికి. ఇన్నేళ్లలో దాన్ని ఎక్కడా వాడిన గుర్తు లేదు, ఎందుకు ఉందో కూడా పట్టించుకోలేదు. రెండు వైపులా అసలు సిసలు ట్రూ, ఫాల్స్ ఉండేలా బ్రాకెట్లు పెట్టి రాశాను:

ఇఫ్ (నాట్ ఈజ్‌ఎంప్టీ(వచ్చినతేదీ)) ఎక్సార్ (టిక్కు = అవును) దెన్

23 వరుసలు దొరికాయి. ఏడింటి సంగతి తెలిసిందే. మిగతా పదహారింటిలో తేదీ ఉంది, టిక్కు లేదు. వీటిని ఎవరికీ పంపకుండా "సరిచూడాలి" జాబితాలో వేయించాను. సెలెక్ట్ కేస్‌లో ఈ మెట్టు గడువు లోపం కింద, ఖాళీ గడువుకు పైన.

ఆవిడ ఆ 23 పేర్లనూ వేలితో చూసుకుంటూ వెళ్లి, పదకొండో దగ్గర ఆగారు. తర్వాత లేచి తన బల్ల సొరుగు తీశారు.

"ఇది ఇక్కడే ఉందండీ. తేదీ వేశాను, టిక్కు పెట్టడం మరిచిపోయాను."

అన్నట్టే అక్కడే పెన్నుతో షీటు ప్రింటు మీద టిక్కు పెట్టారు. ఎక్సెల్‌లో నేను పెట్టి, మాక్రో మళ్లీ నడిపాను. 22.